మిల్లు గోడ మీద రావిమొక్క

చిన్నూ, బుజ్జీ,

మొన్న లోయర్ ట్యాంక్‌బండ్ దారిలో ఆటోలో వస్తుంటే "తాతా, మట్టి లేని గోడ మీద చెట్టు ఎట్లా మొలిచింది?" అని అడిగారు. ఆ ట్రాఫిక్ హోరులో "పిట్టలు వేశాయి" అని ఊరుకున్నాను. మిగతా జవాబు ఇది.

ఆ దారిలో డీబీఆర్ మిల్లు ఉంది. దివాన్ బహదూర్ రాంగోపాల్ పేరిట 1920లో పెట్టిన బట్టల మిల్లు. మూతపడి ఎన్నో ఏళ్లయింది.

రావిపండు తిన్న పిట్ట రెట్ట వేస్తే గింజ పడుతుంది, నిజమే. కానీ రెట్ట మన అపార్ట్‌మెంట్ మీదా పడుతుంది కదా! అన్నిచోట్లా ఎందుకు మొలవదు? గింజకు మట్టి కన్నా ముందు తడి కావాలి.

అమ్మమ్మ ఆవకాయ జాడీ చూశారుగా. మూతికి వాసెన గుడ్డ బిగించి ఉన్నన్నాళ్లూ ఏడాదైనా ఏం కాదు. గుడ్డ జారినా, తడి గరిటె పడినా బూజే. మిల్లుకు పైకప్పే వాసెన. తాళం వేసిన మర్నాడే గోడలేమీ కూలవు. ఒక రేకు లేస్తుంది, ఎవరూ సర్దరు. వాన నీళ్లు పోయే గొట్టం ఆకులతో పూడుకుపోతుంది, అదే తడి గరిటె. నీళ్లు సున్నంలోకి దిగుతాయి. లోపలి ఇనుప దూలం తుప్పుపట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న కట్టడాన్ని చీలుస్తుంది. ఆ చీలికలో రావిగింజ. వేరు లావైనకొద్దీ పగులు పెద్దదవుతుంది, ఇంకా నీళ్లు దిగుతాయి. జాడీలో రావిచెట్టు మొలవదనుకోండి, కానీ బూజు సంగతీ ఇంతేనని అమ్మమ్మ చెబుతుంది.

మా పెదనాయన ఓ మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు. షిఫ్టు దిగి వస్తే కనుబొమల మీదా చెవి వెంట్రుకల్లోనూ తెల్లటి పత్తినూగు. మగ్గాల మోతకు అలవాటుపడి ఇంట్లో మంచినీళ్లు కూడా కేకేసి అడిగేవాడు. మిల్లు కూత విని మా వీధివాళ్లు ఎసరు పెట్టేవాళ్లు. ఓసారి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. కప్పు వరసలు వరసలుగా ఏటవాలుగా లేచి ఉంది, ప్రతి వరసకూ ఉత్తరం దిక్కున అద్దాలు. ఎండ సూటిగా పడదు, వెలుగు మాత్రం పొద్దంతా సమంగా ఉంటుంది. తెగిన పోగు కంటబడాలంటే అట్లాంటి వెలుగే కావాలి. అంత ఆలోచించి కట్టిన కప్పులు తుక్కు ధరకు పోతుంటే నాకు మింగుడుపడదు.

వరంగల్‌లో 1934 నాటి ఆజంజాహి మిల్లు నేల మీద ఇప్పుడు ఇళ్ల ప్లాట్లు. 2017లో మన రాష్ట్రానికి వారసత్వ కట్టడాల చట్టం వచ్చింది, సంతోషమే. కానీ చట్టం నిచ్చెనెక్కి రేకు సర్దదు కదా!

ఈసారి పాత మిల్లు కనబడితే రోడ్డు మీద నుంచే చూడండి, లోపలికి పోవద్దు, ఇటుకలు ఊడుతుంటాయి. మొక్క మొలిచిన చోటికి పైన విరిగిన గొట్టమో, లేచిన రేకో ఉందేమో వెతకండి. ఆ తర్వాత మన డాబా ఎక్కి, నీళ్లట్యాంకు వెనక మూలన గొట్టం దగ్గర ఆకులు తీసెయ్యండి. మొక్క ఉంటే పైపైన తుంచకుండా వేరుతో సహా పీకండి. రాకపోతే వాచ్‌మన్‌ను పిలవండి.

మీ తాత