తప్పు ఎక్కడికి పోయింది?

ఏలూరు,
జూలై 14

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీర్వాదాలు. ఉభయకుశలోపరి.

బుజ్జీ, నీ ఉత్తరం సోమవారం అందింది. బడిలో నీ ముందున్న కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయిందనీ, మౌస్ ఎంత కదిపినా తెర మీద బాణం కదల్లేదనీ, మీ మాస్టారు వచ్చి ఏమీ అడక్కుండా మీట నొక్కి ఆపి మళ్లీ వేశారనీ, అది ఏమీ జరగనట్టు లేచి కూర్చుందనీ రాశావు. చివర్లో ఒక ప్రశ్న వేశావు: "మరి అందులో ఉన్న తప్పు ఎక్కడికి పోయింది తాతయ్యా?"

ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునే పనిలో ముప్ఫై ఏళ్లు గడిపాను. రోజుకు పదిసార్లయినా ఫోనులో "ఒకసారి ఆపి మళ్లీ వేయండి" అని చెప్పి ఉంటాను. బాగైతే చాలనుకున్నారు గాని, తప్పు ఎక్కడికి పోయిందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు మా నాయనమ్మ వంటిల్లే గుర్తుకొస్తోంది. అక్కడి నుంచే చెబుతాను.

మా ఊరు పశ్చిమ గోదావరి మెట్టలో ఉండేది. ఇంట్లో పొయ్యి పక్కన ఒక నాపరాతి గట్టు, దాని వెనక చీకటి కొట్టుగది. కొట్టుగదిలో బియ్యం, కందిపప్పు, బెల్లం, ఊరగాయ జాడీలు. ఏడాది సరుకంతా అక్కడే. కాని వంట కొట్టుగదిలో జరగదు కదా. నాయనమ్మ కావలసినంత తెచ్చి గట్టు మీద పెట్టుకునేది. కూరలు తరగడం, పిండి కలపడం అన్నీ గట్టు మీదే. గట్టు చిన్నది, చేతికి దగ్గర. కొట్టు పెద్దది, దూరం. కంప్యూటర్‌లో కూడా ఇలాగే రెండు చోట్లు ఉంటాయి. నీ బొమ్మలు, పాఠాలు, ఆటలు అన్నీ భద్రంగా ఉండే డిస్క్ కొట్టుగది. ఇప్పుడు నడుస్తున్న పనికి కావలసినవి పరుచుకునే ర్యామ్ ఈ గట్టు. పనంతా చేసే ప్రాసెసర్ మా నాయనమ్మ.

ఇక తప్పు సంగతి. వేసవిలో అప్పడాలు ఒత్తేటప్పుడు ఆ వంటింట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. ఒకసారి పీట మా పెద్దత్త చేతిలో ఉంది, కర్ర చిన్నత్త చేతిలో ఉంది. కర్ర ఇటిస్తే నా వంతు ఒత్తేసి రెండూ నీకిస్తాను అని పెద్దత్త. ముందు పీట ఇటివ్వు, నా వంతు అయ్యాక రెండూ నువ్వే తీసుకో అని చిన్నత్త. ఇద్దరి మాటా న్యాయమే. ఎవరూ మొండితనం చేయడం లేదు. కాని పిండి ఎండిపోతోంది, వెనక ఉండలు చేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఒక్క అప్పడమూ కావడం లేదు. నాయనమ్మ వచ్చి, "రెండూ అక్కడ పెట్టి లేవండి. మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ కూర్చోండి" అంది. వాళ్లు లేచారు. వచ్చి కూర్చున్నాక పని సాగింది.

ఇప్పుడు చెప్పు, ఆ తగువు ఎక్కడికి పోయింది? పీట విరగలేదు, కర్ర విరగలేదు, అత్తలిద్దరూ మంచివాళ్లే. తగువు ఏ ఒక్కరిలోనూ లేదు. వాళ్లు ఆ క్షణాన కూర్చున్న తీరులో ఉంది. ఆ తీరు చెదిరిపోగానే తగువూ లేదు. నీ కంప్యూటర్ బిగుసుకుపోవడం చాలాసార్లు ఇలాంటిదే. రెండు ప్రోగ్రాములు ఒకదాని చేతిలోని వస్తువు కోసం మరొకటి ఎదురుచూస్తూ ఉండిపోతాయి. దీన్ని మావాళ్లు డెడ్‌లాక్ అంటారు.

ఇంకో రకమూ ఉంది. గిన్నె తీసుకున్నవాళ్లు మళ్లీ యథాస్థానంలో పెట్టకపోతే సాయంత్రానికి గట్టంతా ఎంగిలి గిన్నెలే. నాయనమ్మకు చెయ్యి పెట్టే చోటుండదు. ఒక్క చెంచా కోసం పది వస్తువులు కొట్టులోకి మోసి, మళ్లీ తెచ్చుకోవాలి. పొద్దున చురుగ్గా ఉన్న కంప్యూటర్ సాయంత్రానికి నత్తలా నడిచిందంటే ఇదే. కొన్ని ప్రోగ్రాములు చోటు అడిగి తీసుకుంటాయి, తిరిగి ఇవ్వడం మరిచిపోతాయి. ఆపి వేస్తే గట్టు మొత్తం ఒక్కసారి తడిగుడ్డతో తుడిచినట్టే. కొట్టులో సరుకు కొట్టులో అలాగే ఉంటుంది. గట్టు మీద సగం కలిపిన పిండి మాత్రం పోతుంది. అందుకే చిన్నా, సేవ్ చేయని నీ బొమ్మ ఆ రోజు పోయింది. ఎవరూ దొంగిలించలేదు. అది ఇంకా కొట్టులోకి చేరలేదు, అంతే.

మరి ఆపి వేస్తే అన్నీ బాగవుతాయా? కావు. బియ్యంలో పురుగు పడితే గట్టు ఎంత తుడిచినా రేపటి అన్నంలో పురుగే వస్తుంది. 2024 జూలై 19న ప్రపంచమంతా ఇదే జరిగింది. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన కొత్త ఫైలులో దోషం ఉంది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసి కూలబడ్డాయి. ఆపి వేస్తే లేస్తాయి, ఆ ఫైలునే మళ్లీ చదువుతాయి, మళ్లీ పడతాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చివరికి చాలా చోట్ల మనుషులు ఒక్కొక్క యంత్రం దగ్గరికీ నడిచి వెళ్లి, దాన్ని సేఫ్ మోడ్‌లో లేపి ఆ ఫైలు తీసేయవలసి వచ్చింది. సేఫ్ మోడ్ అంటే జ్వరం వచ్చినప్పుడు నాయనమ్మ చేసే పథ్యం వంట అనుకోండి. చారు, అన్నం, అంతే. సాయానికి వచ్చేవాళ్లెవరినీ ఆ రోజు వంటింట్లోకి రానివ్వదు. అప్పుడు ఏ సరుకు చెడిందో కంటికి కనిపిస్తుంది.

ఒక వింత చెప్పనా? ఆ రోజు కొన్ని యంత్రాలు పదిహేనుసార్ల దాకా ఆపి వేస్తే వాటంతట అవే బాగయ్యాయి. లేచి మళ్లీ కూలబడే ఆ కొద్ది క్షణాల్లో సరిచేసిన కొత్త ఫైలు వచ్చి చేరిపోతే చాలు, గండం గట్టెక్కినట్టే.

ఇక్కడ మా నాన్న గుర్తుకొస్తున్నారు. మా పొలంలో బావికి మోటారు ఉండేది. స్టార్టర్ పైన చెక్కకు మూడు బల్బులు వరసగా బిగించి ఉండేవి. కరెంటు మూడు ఫేజుల్లో వస్తోందా లేదా అని చూడడానికి. నాకు పదకొండేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం మిరపతోటకు నీళ్లు పెట్టమని పంపారు. మీట నొక్కాను. మోటారు గుర్రుమంది గాని తిరగలేదు. ఆపాను, నొక్కాను. మళ్లీ ఆపాను, నొక్కాను. ఏదో ఒకసారి తిరుగుతుందిలే అనుకున్నాను. కాసేపటికి కమురు వాసన వచ్చింది. తల ఎత్తి చూస్తే మూడు బల్బుల్లో రెండే వెలుగుతున్నాయి. రెండు ఫేజుల మీద మోటారు లేవలేదు, లోపల తీగచుట్ట కాలిపోతుంది. బల్బులు మొదటి నుంచీ నాకు ఆ సంగతే చెబుతున్నాయి. నేను మీట వైపే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికి వెళ్లి, "నేనేమీ చేయలేదు, దానంతట అదే కాలిపోయింది" అన్నాను. నాన్న కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఎన్నిసార్లు నొక్కావు?" అని మాత్రం అడిగారు. ఆ గొంతులో కోపం లేదు గనుక నిజం చెప్పాను. మోటారు ఏలూరు వెళ్లి కొత్త తీగ చుట్టించుకుని వచ్చేదాకా వారం పట్టింది. తోట సగం వాడిపోయింది.

తర్వాత ముప్ఫై ఏళ్లూ ఆఫీసుల్లో నేను మొదట విన్న మాట అదే: "నేనేమీ చేయలేదండీ." పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఆ పదకొండేళ్ల పిల్లవాడిలాగే అనేవారు. తెర మీద ఏమని వచ్చింది అని అడిగితే, "ఏదో వచ్చిందండీ, తీసేశాను" అనేవారు. ఎవరో తిడతారన్న భయం తప్ప మరేమీ కాదది. నేను మా నాన్న గొంతుతోనే అడగడానికి ప్రయత్నించాను. మీరిద్దరూ మాత్రం ఏదైనా చెడిపోతే చేసింది చేసినట్టు చెప్పండి పిల్లలూ. దాచిన చోటే బాగుచేసేవాడు దారి తప్పుతాడు.

ఆపి వేయడం మంచి వైద్యమే. కాని గట్టు తుడిచినప్పుడు తప్పుతో పాటు దాని జాడ కూడా చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే ముందు చూడాలి. తెర మీద ఏముందో అక్షరం పొల్లుపోకుండా చదవాలి, లేదా ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. చివరిగా ఏం నొక్కామో తలచుకోవాలి. తెర నల్లగా ఉందా? వెనక తీగ వదులైందేమో. పొద్దున ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఊడిన తీగలు నేను ఎన్ని బిగించానో లెక్క లేదు. పాస్‌వర్డ్ తప్పంటోందా? కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోందేమో. ప్రింటర్ పలకడం లేదా? వరసలో ముందు నిలబడ్డ ఒక కాగితం ఇరుక్కుపోయి వెనకవాళ్లందరినీ ఆపేసిందేమో. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కితే వరస ఇంకా పెరుగుతుందే గాని కదలదు.

ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఒకావిడ కంప్యూటర్‌లో ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు. ఇంటర్నెట్ ఉంది. ఏది తెరిచినా ఈ చోటు నమ్మదగినది కాదు అంటోంది. ఆవిడ నాలుగుసార్లు ఆపి వేశారు. నేను వెళ్లి తెర మూల చూశాను. తారీఖు పదేళ్ల వెనక్కి ఉంది. లోపల బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్ 2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఆ పేరులోని అంకెలు అవే. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది ఆ బిళ్లే. అది అయిపోతే యంత్రం నిద్రలేచిన ప్రతిసారీ ఇది ఏ రోజో తెలియక ఏదో పాత తారీఖు వేసుకుంటుంది. వెబ్‌సైట్లు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లే గుర్తింపు పత్రం చూపిస్తాయి. పదేళ్ల వెనక ఉన్నాననుకునే యంత్రానికి ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివే! మరి నమ్మదు కదా. బిళ్ల మార్చి, తారీఖు సరిచేశాక అన్నీ తెరుచుకున్నాయి.

వానాకాలంలో మాకు ఇంకో పని ఉండేది. మీట నొక్కగానే కంప్యూటర్ బీప్ బీప్‌మని కూత పెడుతుంది, తెర మీద ఏమీ రాదు. మూత తీసి, ర్యామ్ పట్టీని బయటకు లాగి, దాని బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు లేచేది. నా జేబులో ఎప్పుడూ రబ్బరు ముక్క ఉండేది. మీరు మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా మూత విప్పకండి.

ఆ పట్టీ గురించి ఒకటి చెప్పాలి. నాపరాతి గట్టు అని ఇంతసేపూ చెప్పాను గాని, నిజానికి అక్కడ రాయిలాంటిదేమీ లేదు. కంటికి కనిపించనంత చిన్న గిన్నెలు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక్కో గిన్నెలో కాస్తంత విద్యుత్తు, అదీ కారిపోతూ ఉంటుంది. అందుకే ప్రతి గిన్నెనూ 64 మిల్లీసెకన్లలోపు (మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు) మళ్లీ నింపాలి. అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా. నువ్వు ఒక్కసారి రెప్ప వేసే లోపు ఆ గట్టు మీదివన్నీ ఆరిపోబోయి మళ్లీ నిండుతున్నాయి. ముప్ఫై ఏళ్లు ఆ పట్టీలు నా వేళ్ల మధ్య పట్టుకున్నాను. ఇప్పటికీ ఈ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో వింత చెప్పి ముగిస్తాను. విండోస్ 95, విండోస్ 98లలో ఒక లెక్కపెట్టె ఉండేది. యంత్రం లేచిన దగ్గర్నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టేది. అందులో 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 దాకానే పడుతుంది. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాకు తిరిగినట్టు అదీ సున్నాకు తిరిగేది. అప్పుడు యంత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉండేది. ఎన్ని రోజులకో చిన్నా లెక్క కట్టాలి. జవాబు 49 రోజుల పైచిలుకు రావాలి. విమానాలకూ ఇలాంటిది తప్పలేదు. బోయింగ్ 787లో కరెంటు 248 రోజులు ఏకబిగిన ఉంచితే జనరేటర్లను నడిపించే పెట్టెలన్నీ ఒక్కసారే చేతులెత్తేయవచ్చని 2015లో బయటపడింది. అమెరికా విమానయాన అధికారులు మొదట ఇచ్చిన ఆజ్ఞ ఏమిటో తెలుసా? అప్పుడప్పుడు పూర్తిగా ఆపి మళ్లీ వేయమని.

ఇప్పుడు మీకో పని. మీ ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంది కదా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద సీపీయూ చూడండి. కింద అప్ టైమ్ అని రోజులు, గంటలు, నిమిషాలు నడుస్తూ కనిపిస్తాయి. ఎప్పటినుంచి మేలుకుని ఉందో అది చెబుతుంది. ఆ అంకె రాసుకోండి. ఆ రాత్రి షట్‌డౌన్ చేసి పడుకోండి. పొద్దున్నే వేసి మళ్లీ చూడండి. సున్నా నుంచి మొదలవ్వాలి కదా? కాకపోవచ్చు. తెల్లవారి త్వరగా లేవడానికి ఈ కాలపు యంత్రాలు షట్‌డౌన్ చేసినప్పుడు గట్టు పూర్తిగా తుడవవు. కొంత సరంజామాను మూతపెట్టి కొట్టులో దాచుకుని పడుకుంటాయి. తర్వాత రీస్టార్ట్ నొక్కి ఇంకోసారి చూడండి.

మూడు అంకెలూ రాసి పంపండి. చిన్నా లెక్క కూడా. అమ్మమ్మ అప్పడాల పిండి కలుపుతోంది, వాన తెరిపిస్తే ఎండబెట్టి మీకు పంపుతుంది.

మీ తాతయ్య