చిల్లులు పడ్డ ఆకు

నర్సరీలో మొక్క కొనేటప్పుడు అందరం చూసేది ఒకటే. ఆకు నున్నగా ఉందా, మచ్చ ఉందా, పురుగేమైనా కొరికిందా అని. ఏడాది గడిచాక కూడా ఆ ఆకులు అలాగే నిగనిగలాడుతుంటే మురిసిపోతాం. ఎండను తిండిగా మార్చే పని ఆకుది. ఆ తిండి పిట్ట నోటిదాకా చేరాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఆకును తినాలి. ఆ పనిలో గొంగళిపురుగును మించింది లేదు. ఏ పురుగూ ముట్టని మొక్క పెరట్లో పచ్చగానే ఉంటుంది గానీ, ఆ పచ్చదనం ఎవరి కడుపూ నింపదు. స్థానిక మొక్కలు, అంటే ఆ నేలలో తరతరాలుగా పెరుగుతున్నవి, పెంచమని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే.

"మా తోటలో సీతాకోకచిలుకలు బోలెడు తిరుగుతున్నాయే!" అని ఎవరైనా అనొచ్చు. తిరుగుతాయి, తేనె కోసం. పువ్వులో తేనె వచ్చేపోయేవాళ్ల కోసం పెట్టిన చలివేంద్రం లాంటిది, ఎవరైనా తాగొచ్చు. ఆకు సంగతి అలా కాదు. కదల్లేని మొక్క తన ఆకును చేదుతో, జిగురుతో, విషంతో కాపాడుకుంటుంది. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి సగం ప్రపంచాన్ని ఆక్రమించిన లాంటానా పూల మీద రకరకాల సీతాకోకచిలుకలు వాలతాయి. గుడ్లు పెట్టే వేళకు మాత్రం అవి వేరే మొక్కను వెతుక్కుంటూ వెళ్లిపోతాయి.

జిల్లేడునే చూడండి. ఆకు తుంచితే కారే పాలు కంట్లో పడితే ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. పశువులు కూడా దాన్ని వదిలేసి పక్కనున్న గడ్డి మేస్తాయి. అలాంటి మొక్క మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న గొంగళిపురుగు ఒకటి కులాసాగా ఆకు నములుతూ కనిపిస్తుంది. అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. దాని దగ్గరి బంధువు, అమెరికా ఖండపు మోనార్క్, జిల్లేడు కుటుంబానికే చెందిన మిల్క్‌వీడ్ తిని పెరుగుతుంది. ఆ మొక్కల్లోని విషం జంతు కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ తోడే పంపును పట్టుకుని ఆపేస్తుంది. మోనార్క్‌లో ఆ పంపు ఆకారం కొద్దిగా మారి ఉండటం వల్ల విషానికి పట్టు దొరకదు. 2019లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అలాంటి మూడు మార్పులను పండ్ల ఈగ జన్యువులో ప్రవేశపెట్టి చూస్తే, ఆ ఈగలు కూడా మిల్క్‌వీడ్ విషాన్ని తట్టుకున్నాయి. చూడటానికి మూడే మార్పులు. ప్రకృతిలో అవి ఒకదాని వెంట ఒకటి కుదురుకోవడానికి మాత్రం మొక్కా పురుగూ యుగాల తరబడి ఒకే చోట కలిసి బతకాల్సి వచ్చింది. నిన్నగాక మొన్న ఓడలో దిగిన అలంకరణ మొక్కకూ పక్కనున్న పురుగుకూ అంత పరిచయం ఎక్కడిది?

స్థానిక మొక్కలు పెంచమనడానికి అసలు కారణం ఈ పరిచయమే తప్ప మట్టి మీద అభిమానం కాదు. ఆ తేడా ముఖ్యం. అభిమానాన్ని నమ్ముకుంటే దారి తప్పుతాం. 'మన' పూలనుకునే బంతి మెక్సికో ప్రాంతానిది. కాగితపు పూలు దక్షిణ అమెరికావి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపానిది. ఇంకోవైపు, ఒక దేశపు సరిహద్దు లోపల పుట్టినదంతా ఆ దేశమంతటికీ స్థానికం అయిపోదు. కొండల చల్లదనానికి అలవాటుపడిన మొక్కకు తీరప్రాంతపు ఇసుక పరాయిదే. నేల, వాన, ఎండ కలిసి గీసిన హద్దులు దేశపటంలో కనిపించవు.

ఈ లెక్క పిట్టలకు ఎలా తగులుతుందో చూపిన పరిశోధన ఒకటుంది. ఉత్తర అమెరికాలో చికడీ అనే, పిచ్చుకకన్నా చిన్న పక్షి జంట ఒక్క విడత పిల్లల్ని పెంచి ఎగరనివ్వడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు మోసుకొస్తుంది. డెసిరీ నరాంగో, డగ్లస్ టాలమీ, పీటర్ మారా అనే శాస్త్రవేత్తలు కలిసి వాషింగ్టన్ నగర పరిసరాల్లో ఇళ్ల తోటల్ని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. మొక్కల మొత్తం పరిమాణంలో స్థానికమైనవి 70 శాతానికి తగ్గిన చోట చికడీల సంతానం వాటి మరణాలను పూడ్చలేకపోతోందని తేలింది. ఆ తోటలన్నీ మామూలు మనుషులవి. వాళ్లు తమ పెరటి తలుపు తెరవకపోతే ఆ లెక్క మనకు దొరికేదే కాదు.

70 శాతం అంటే మిగతా 30 శాతం ఎవరి ఇష్టం వాళ్లదని కూడా అర్థం. పరాయి మొక్క కనబడగానే గునపం అందుకునే మిత్రులకు ఈ మాట గుర్తుచేస్తుంటాను. ఇంగ్లండ్‌లోని విజ్లీలో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ అనే తోటపని సంస్థ నాలుగేళ్లు నడిపిన ప్రయోగం కూడా ఇలాంటి మధ్యస్థపు మాటే చెప్పింది. విదేశీ మొక్కల మళ్లలో పురుగులు స్థానిక మళ్లకంటే సుమారు 20 శాతం తక్కువ. అయితే స్థానిక పూలు అయిపోయిన నెలల్లో తేనెటీగలను ఆదుకున్నది ఆ విదేశీ పూలే. గింజలతో పాకిపోయి పక్కనున్న వాటిని మింగేసే మొక్క వేరు, ఒక మూల బుద్ధిగా పూసే మొక్క వేరు.

ఒక్క తోట ఎంత శ్రద్ధగా పెంచినా చాలదు. ఎందుకు చాలదో తేనెటీగను అడగాలి. ప్రపంచంలో సుమారు 20,000 తేనెటీగ జాతులున్నాయి. పట్టు పెట్టి తేనె దాచేవి వాటిలో పిడికెడు. మిగతావాటిలో ఎక్కువ భాగం ఒంటరి జీవులు. ఒక్కో ఆడ ఈగ తన గూడు తానే కట్టుకుని, పుప్పొడి తానే మోసుకుంటుంది. చిన్న చిన్న ఒంటరి ఈగలు చాలావరకు గూటి నుంచి 150 మీటర్లు, మహా అయితే 600 మీటర్లు దాటి వెళ్లవు. ఆ వలయంలో గూటికి మట్టి, పిల్లలకు పుప్పొడి, ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు ఉండాలి. ఇంతటి వలయంలో మన ఒక్క ఇల్లే ఉండదు. వీధి, పక్క వీధి, బడి ఆవరణ, పాడుపడ్డ స్థలం, నాలుగు అపార్ట్‌మెంట్లు ఉంటాయి. అందుకే పొరుగువాళ్లతో మాట కలపక తప్పదు. నాలాంటి ముభావులకు ఇది కాస్త కష్టమే.

మొక్కలే ఆ మాట కలిపించే సందర్భాలూ ఉన్నాయి. తిప్పతీగలో ఆడ, మగ వేరువేరు మొక్కలు. తాటిచెట్టులో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. తాటిని గింజతో పెంచుతాం కాబట్టి తోపులో రెండూ పడతాయి. తిప్పతీగ అలా కాదు. ఎవరో ఇచ్చిన ముక్క గోడవారన గుచ్చితే చాలు, అల్లుకుంటుంది. ఆ తీగ నుంచి ఇంకొకరికి ముక్క, వాళ్ల నుంచి మరొకరికి. అలా కాలనీ అంతా పాకిన తీగ నిజానికి ఒక్కటే మొక్క కావచ్చు, అన్నీ మగవో, అన్నీ ఆడవో అయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఎన్నేళ్లు పూసినా కాయ కాయదు. ఎక్కడో వేరే చోట పెరిగిన తీగ ముక్క కావాలి. ఎవరి దగ్గర ఏది ఉందో తెలియాలంటే పూలు పూసినప్పుడు నలుగురూ చూసి చెప్పుకోవాలి. గింజల విషయమూ ఇంతే. ఒకే తల్లి మొక్క గింజలు పదిమందికి పంచితే పది తోటల్లోనూ ఒకే కుటుంబం ఉంటుంది, ఒక తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు పలుచోట్ల, పలు మొక్కల నుంచి కొద్దికొద్దిగా ఏరుతారు. అడవిలోని మొక్కను వేళ్లతో పెకలించుకురారు.

చేత్తో నేర్పితే తప్ప రాని విద్యలు ఇందులో చాలా ఉన్నాయి. వేప గింజ రాలిన కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది కాబట్టి డబ్బాలో దాచుకుని లాభం లేదు. రేల గింజకు తొక్క రాయిలా ఉంటుంది, దాన్ని గరుకు బండ మీద రాస్తే గానీ నీరు లోపలికి దిగదు. అన్నిటికంటే కష్టమైంది మొలకను గుర్తుపట్టడం. రెండాకుల వయసులో కలుపూ కావలసినదీ ఒక్కలాగే ఉంటాయి. పుస్తకంలో బొమ్మ ఎంత చూసినా, తెలిసిన మనిషి పక్కన గొంతుక్కూర్చుని "ఇది ఉంచు, అది పీకెయ్" అంటే వచ్చే చూపు రాదు.

నలుగురు కలిస్తే తప్పులు కూడా నలుగురికీ అంటుకుంటాయి. మోనార్క్‌లను కాపాడదామని అమెరికాలో ఎందరో ఉత్సాహంగా మిల్క్‌వీడ్ నాటారు. నర్సరీల్లో సులువుగా దొరికేది ఎర్రటి, నారింజ రంగు పూల ఉష్ణమండల జాతి. స్థానిక మిల్క్‌వీడ్లు చలికాలంలో ఎండిపోతాయి. వెచ్చని దక్షిణ రాష్ట్రాల్లో ఇది ఎండదు. దాంతో కొన్ని మోనార్క్‌లు వలస మానేసి అక్కడే గుడ్లు పెడుతూ ఉండిపోయాయి. ఆకుల మీద పేరుకున్న సూక్ష్మ పరాన్నజీవి బీజాలు ఒక తరం నుంచి ఇంకో తరానికి అంటుకున్నాయి. జిల్లేడు బంధువే కదా అని ఏదో ఒకటి నాటితే సరిపోదన్నమాట. నర్సరీ మొక్కల్లో ఇంకో ఉచ్చు కూడా ఉంటుంది. నియోనికోటినాయిడ్ రకపు పురుగుమందులు మొక్క ఒళ్లంతా పాకి ఆకులో, పుప్పొడిలో నెలల తరబడి నిలిచిపోతాయి. గొంగళిపురుగు కోసం నాటిన మొక్కే దాన్ని చంపుతుంది. కొనేముందు ఏ మందు వాడారని అడగాలి. ఒకరు అడిగితే విసుక్కుంటారు. ఒకే వారంలో పదిమంది అడిగితే వినిపించుకుంటారు.

ఇక తంగేడు. దాని పసుపు పువ్వులో పుప్పొడి బయటికి రాలదు, కేసరాల కొనల్లోని సన్నని రంధ్రాల వెనక దాగి ఉంటుంది. తేనెపట్టు ఈగకు ఆ తాళం తీయడం రాదు. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాల్ని ఝుమ్మని కంపింపజేస్తుంది, ఉప్పు డబ్బా విదిలించినట్టు పుప్పొడి రాలుతుంది. ఆ తుమ్మెద గూడు పెట్టేది ఎండిన కొమ్మలో. ఒంటరి ఈగల్లో ఎక్కువ జాతులకు కావలసింది కప్పకుండా వదిలేసిన ఉత్త మట్టి. అంటే ఎండు కొమ్మ నరకకూడదు, రాలిన ఆకులు తగలెయ్యకూడదు, నేలంతా బండలు పరవకూడదు. ఇవన్నీ పాటించిన తోటను చూసి పొరుగింటివారు ఏమంటారో తెలుసు కదా. పాములొస్తాయంటారు, దోమలొస్తాయంటారు, ఇల్లు పట్టించుకోరా అంటారు.

ఈ గొడవ మీద లోతుగా ఆలోచించిన మనిషి జోన్ నాసావర్ అనే అమెరికన్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. 1995లో ఆమె చెప్పిన మాట సులువైనది. చిక్కగా, చిందరవందరగా ఉన్న పచ్చదనాన్ని జనం సహించాలంటే దాని చుట్టూ మనిషి చెయ్యి కనిపించాలి. అంచున కత్తిరించిన గడ్డి పట్టీ, ఊడ్చిన కాలిబాట, ఒక పిట్టల తొట్టి, మొక్క పేరు రాసిన పలక. లోపల ఎంత అడవి ఉన్నా, అంచు తిన్నగా ఉంటే అది నిర్లక్ష్యం కాదని చూసేవారికి తెలుస్తుంది. సర్దుబాటు కుదరని చోట్ల విషయం చట్టందాకా వెళ్లింది. స్థానిక మొక్కల తోటల్ని తీసేసి గడ్డి పరచాలని నివాస సంఘాలు యజమానుల్ని బలవంతపెట్టకుండా అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం 2021లో చట్టం చేసింది. నా మటుకు నేను చట్టంకంటే పలకనే ఎక్కువ నమ్ముతాను. "ఇది జిల్లేడు, ఈ చారల పురుగు సీతాకోకచిలుక అవుతుంది" అని రాసి పెడితే పిల్లలు ఆగుతారు. పిల్లల కోసం పెద్దవాళ్లూ ఆగుతారు. ఆగినవాళ్లలో ఒకరు ఎప్పుడో ఒకనాడు గింజ అడుగుతారు.

తిప్పతీగకు కాయలు పడితే ఎర్రగా, చిన్న చిన్న గుత్తులుగా ఉంటాయి. దాని ఆకు తినే పురుగుల్లో పండ్లకు తొండంతో బొక్క పెట్టి రసం పీల్చే పెద్ద చిమ్మట పిల్లలు కూడా ఉన్నాయి. పక్కింటివారికి పండ్ల చెట్లుంటే ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.