ఆకుపచ్చ గుర్తు చెప్పని సంగతి

పలమనేరు దగ్గర మా చిన్నమ్మ వాళ్లకు రెండెకరాల మల్బరీ తోట ఉంది. పక్క చేనులో టమాటా. రెంటికీ మధ్య ఒక గట్టే అడ్డు. కిందటేడు ఆమె పట్టుపురుగులు నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి చర్మం విడిచే దశ, దాటాయి. గూళ్లు అల్లుకునే తట్టలైన చంద్రికలు ఎక్కడానికి నాలుగైదు రోజులు ఉందనగా మేత మానేశాయి. ఒళ్లు కుంచించుకుపోయి, కదలకుండా పడిపోయాయి. ఆకుకు తెగులు లేదు, గదిలో వేడి పెరగలేదు. ఆరా తీస్తే, రెండు రోజుల ముందు పక్క చేనులో కాయతొలుచు పురుగుకు మందు కొట్టారని తెలిసింది. ఆ పూట గాలి మల్బరీ వైపు వీచింది.

పక్క చేను రైతు సీసా తెచ్చి చూపించాడు. "పచ్చ గుర్తున్న మందే కొట్టాను, చూడక్కా" అన్నాడు బాధగా. అతను అన్నది నిజమే. ఆ గుర్తుకు అర్థం ఏమిటో అతనికి ఎవరూ పూర్తిగా చెప్పలేదు, అంతే.

పురుగుమందు సీసా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగానికి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒకటి వేస్తారు. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు ఈ రంగులను నిర్ణయించాయి. ప్రయోగశాలలో ఎలుకల వంటి జంతువులకు మందు తినిపించి, వాటిలో సగం చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూస్తారు. 50 లోపయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం మీద పడితే ఎంత ప్రమాదమో కూడా ఇలాగే కొలుస్తారు. అంటే ఆ రంగు చెప్పేది ఒక్క మోతాదుతో కలిగే తక్షణ ప్రమాదం గురించే, అదీ మనలాంటి క్షీరదాలకు. తేనెటీగ, చేప, పట్టుపురుగు ఆ లెక్కలో లేవు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరే మందు సంగతీ అందులో లేదు.

ఆ సీసాలోది క్లోరాంట్రానిలిప్రోల్. కండరం బిగుసుకోవాలంటే కణం లోపలి నిల్వ నుంచి కాల్షియం కొలత ప్రకారం బయటికి రావాలి. దాన్ని వదిలే తలుపుల వంటి ప్రోటీన్లను రయనోడిన్ గ్రాహకాలు అంటారు. ఈ మందు ఆ తలుపులను తెరిచిపెట్టి మూసుకోనివ్వదు. కాల్షియం కారిపోతుంది, కండరాలు చచ్చుబడతాయి, దవడ ఆడదు, పురుగు మేత మానేస్తుంది. మన శరీరంలోనూ అలాంటి గ్రాహకాలున్నా వాటి నిర్మాణం వేరు. అందుకే మందు పురుగు గ్రాహకాలను పట్టినంత గట్టిగా మనవాటిని పట్టదు. తేడా వందల రెట్లు. మనిషికి ఇంత తక్కువ హాని చేసే మందు రావడం నిజంగా మేలే, కాదనను. కానీ కాయతొలుచు పురుగు సీతాకోకచిలుకలాంటి రెక్కల పురుగు పిల్ల అయినట్టే పట్టుపురుగూ రెక్కల పురుగు పిల్లే. ఒకటి రైతుకు శత్రువు, మరొకటి అన్నం పెట్టే ప్రాణి అన్న తేడా మందుకు తెలియదు. పైగా వేల ఏళ్లుగా మనిషి చాటున పెరిగిన పట్టుపురుగుకు విషాన్ని తట్టుకునే శక్తి చాలా తక్కువ. ఆకు మీద కంటికి కనిపించనంత పడినా చాలు.

చిత్తూరు జిల్లా మామిడి తోటల్లో తేనెమంచు పురుగుకు వాడే ఇమిడాక్లోప్రిడ్‌ది మరో కథ. ఇది అంతర్వాహిక మందు, మొక్క రసంలోకి, పుప్పొడిలోకి, మకరందంలోకి చేరుతుంది. గ్రాములో వంద కోట్లో వంతు నానోగ్రాము. తేనెటీగ ప్రాణం తీయడానికి అవి కొన్ని పదులు చాలు. ఈ మందునూ, దాని జాతికే చెందిన మరో రెండింటినీ ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పొలాల్లో నిషేధించింది. మామిడి పూత కాయగా మారాలంటే ఈగలు, తేనెటీగలు వాలాలి. పూత విచ్చిన వేళ ఆ మందు కొట్టడమంటే రాబోయే కాపును మనమే కోసుకోవడం. ఇక సైపర్‌మెత్రిన్ వంటి మందులను చేపలు ఒంట్లో త్వరగా విరగ్గొట్టుకోలేవు, అందుకే అవి చేపలకు విషమవుతాయి. స్ప్రేయరు కడిగిన నీళ్లను కాలువలోకి వంపే అలవాటు చూసినప్పుడల్లా నాకు గుండె గుభేలుమంటుంది.

రంగు పనికిరానిదని నేను అనడం లేదు. కొట్టే మనిషికి అది ప్రాణరక్షణ. ఎర్ర గుర్తు మందుల్లో చాలావాటిలాగే మోనోక్రోటోఫాస్ కూడా నరాల మధ్య సంకేతాన్ని ఆపే ఎంజైమును అడ్డుకుంటుంది. చెమటలు పట్టి, నోట్లో నీరూరి, కంటిపాప సూది మొనంత అవుతుంది. ఇలాంటి మందు ఎక్కువగా చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. అయినా లుంగీ కట్టుకుని, ఒట్టి కాళ్లతో మందు కొట్టేవాళ్లే ఎక్కువ. ఎవరైనా పడిపోతే తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే వైద్యులు తగిన విరుగుడు త్వరగా ఇవ్వగలరు.

ఇప్పుడు ఆ రైతు మందు కొట్టే ముందురోజు సాయంత్రం చిన్నమ్మకు ఫోను చేస్తాడు. ఆమె ఆకు ముందే కోయించి తడి గోనెపట్టాలు కప్పుతుంది. గట్టు పక్కనున్న ఆరు సాళ్ల ఆకును ఆ పంటకు ముట్టదు. మొన్న వెళ్లినప్పుడు చంద్రికల నిండా తెల్లటి గూళ్లు కనిపించాయి.