హెపటైటిస్ సి యాంటీబాడీ టెస్టు: తరచూ రక్తం ఎక్కించుకునేవారిలో అపోహలు - వాస్తవాలు

అమలాపురం, రాజోలు వైపు నుంచి రెండు మూడు వారాలకోసారి తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు) పిల్లల్ని కాకినాడకో, రాజమండ్రికో రక్తం ఎక్కించడానికి తీసుకొచ్చే అమ్మానాన్నల కోసం రాసింది ఇది. హెపటైటిస్ సి అంటే రక్తం ద్వారా సోకి లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు.

అపోహ: బ్లడ్ బ్యాంకులో టెస్టు చేసిన రక్తమే కదా, మళ్లీ మా పిల్లకెందుకు?

వాస్తవం: దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష మన దేశంలో 2001 నుంచి తప్పనిసరి. కానీ యాంటీబాడీ టెస్టు పట్టుకునేది వైరస్‌ను కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీని. అది కనబడే స్థాయికి రావడానికి మామూలుగా 8 నుంచి 11 వారాలు పడుతుంది. ఆలోపు రక్తమిచ్చిన దాతకు టెస్టులో నెగటివే వస్తుంది. నేరుగా వైరస్ ఆర్‌ఎన్‌ఏను (దాని జన్యు పదార్థాన్ని) వెతికే నాట్ పరీక్షతో ఆ గడువు వారం పది రోజులకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, పైగా అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ లేదు. నెలకు రెండు యూనిట్లు ఎక్కిస్తే ఏడాదికి 24 మంది దాతలు. ఒక్కో యూనిట్‌తో ముప్పు చాలా చిన్నదే, ఏళ్లు గడిచేకొద్దీ కూడుతుంది. అందుకే ఏడాదికోసారి తప్పకుండా, వీలైతే ఆరు నెలలకోసారి చేయించండి. క్రాస్‌మ్యాచ్‌కు (దాత రక్తం పిల్లకు సరిపోతుందో చూసే పరీక్షకు) రక్తం తీసేటప్పుడే ఈ ట్యూబు కూడా తీయమని అడిగితే పిల్లకు ఇంకో సూదిపోటు తప్పుతుంది.

అపోహ: పాజిటివ్ వచ్చిందంటే జబ్బు ఉన్నట్టే.

వాస్తవం: వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దానర్థం. సోకిన నూరు మందిలో 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లో మందు లేకుండానే పోతుంది, యాంటీబాడీ మిగులుతుంది. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, అంటే వైరల్ లోడ్. ఈ రెండు టెస్టులు చేయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. యాంటీబాడీ కార్డు టెస్టులో సీ గీత (కార్డు పనిచేసిందని చూపేది) రాకపోతే ఆ కార్డు చెల్లదు, మళ్లీ చేయాలి. టీ గీత (ఫలితం చూపేది) లీలగా ఉన్నా పాజిటివ్‌గానే లెక్క. కిట్ మీద రాసిన సమయం దాటాక చూస్తే లేని గీత కూడా కనిపించవచ్చు. ఆర్‌ఎన్‌ఏ శాంపిల్‌ను ఎండలో బస్సెక్కించి పంపితే వైరస్ ఆర్‌ఎన్‌ఏ చెడిపోయి తప్పుడు నెగటివ్ రావచ్చు. ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరుచేసి, ఐస్ ప్యాకులున్న పెట్టెలో పంపాలి.

అపోహ: కళ్లు పచ్చబడలేదు, ఏమీ లేనట్టే.

వాస్తవం: సోకినవారిలో చాలామందికి కామెర్లే రావు. తలసేమియా పిల్లలకేమో ఎర్రకణాలు చితికిపోవడం వల్ల ఎప్పుడూ కాస్త పచ్చదనం ఉంటుంది. తరచూ రక్తం ఎక్కించడం వల్ల లివర్‌లో ఐరన్ పేరుకున్నా ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరుగుతుంది. కాబట్టి కళ్లను, ఎస్‌జీపీటీని నమ్ముకుని కూర్చోవద్దు.

అపోహ: కామెర్లకు పసరు పోయిస్తే చాలు.

వాస్తవం: కాలవ నీళ్లతో వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. సి రకం లోపల లివర్‌ను తినేస్తూనే ఉంటుంది. ఐరన్‌తో అలసిన లివర్‌కు దయచేసి పసరు పోయించకండి.

అపోహ: మందులు వాడాక యాంటీబాడీ నెగటివ్ అవ్వాలి.

వాస్తవం: అవ్వదు, ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. పెద్దవారికి సాధారణంగా సోఫోస్బువిర్ 400 మి.గ్రా., డక్లాటాస్విర్ 60 మి.గ్రా. రోజూ 12 వారాలు ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ మందులు ఉచితం. కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ కనబడకపోతే నయమైనట్టు. అయినా మళ్లీ సోకే వీలుంది, యాంటీబాడీ ఆ సంగతి చెప్పలేదు. అందుకని నయమైన పిల్లకు ఏటా ఆర్‌ఎన్‌ఏనే చేయించండి. నయమైన తేదీ, ఆ రిపోర్టు ఫైలు మొదటి పేజీలోనే పెట్టండి. లేకపోతే కొత్త ఆసుపత్రిలో పాత యాంటీబాడీ చూసి మళ్లీ మందులు మొదలుపెట్టే ప్రమాదముంది.