ఒక చక్రం బురదలో, ఒక చక్రం గట్టు మీద

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉండే మా బావగారు పోయిన ఏడాది ఒక పాత గోల్ఫ్ కార్ట్ కొన్నారు. ఆయనకు గోల్ఫ్ రాదు. ఇంటి వెనక ఐదెకరాల స్థలం, దాని చివర ఒక చిన్న వాగు, వాగు ఒడ్డున బెండ, వంగ, గోంగూర మళ్లు. ఎరువు బస్తాలు, నీళ్ల డబ్బాలు అక్కడిదాకా చేరేయడానికి ఆ బండి. ఒకరోజు వీడియో కాల్ చేసి వాగు దగ్గర దిగబడిన బండిని చూపించారు. కుడి వెనక చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతోంది. ఎడమ చక్రం గట్టి గడ్డి మీదే ఉంది, కానీ బెత్తెడు కూడా కదలడం లేదు.

"మోటారు బాగానే ఉందోయ్. ఈ ఎడమ చక్రానికే పవర్ అందట్లేదు. లోపల ఏదో విరిగినట్టుంది" అన్నారు.

ఏమీ విరగలేదు. లోపలి డిఫరెన్షియల్, అంటే మోటారు తోపును రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల అమరిక, తన పని తాను నూటికి నూరు పాళ్లు చేస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దాని మీద దేనికదే తిరుగుతాయి. లాగేది ఎడ్లు కనుక చక్రాలు వెంట దొర్లితే చాలు. చక్రాన్నే తిప్పి బండిని నడపాలనుకున్న రోజున మలుపు ఒక సమస్య అయి కూర్చుంది. గోల్ఫ్ కార్ట్ వెనక చక్రాల మధ్య దూరం సుమారు మీటరు. ఆ బండి ఒక పూర్తి సున్నా చుట్టి వచ్చిందనుకోండి. బయటి చక్రం లోపలి చక్రం కంటే 6.28 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. సున్నా చిన్నదైనా, ఊరంత పెద్దదైనా ఆ తేడా మారదు. చక్రాల మధ్య దూరాన్ని రెండు 'పై'లతో గుణిస్తే వచ్చేది అదే. 18 అంగుళాల టైరుకు అది నాలుగు చుట్లకు పైమాట. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తే ఆ నాలుగు చుట్ల తేడా ఎక్కడికి పోతుంది? టైరు నేలను గీక్కుంటూ పోవాలి. తారు రోడ్డు మీదైతే టైరు అరుగుతుంది. గోల్ఫ్ మైదానంలోనైతే లక్షలు పోసి పెంచిన పచ్చిక చాపలా లేచి వస్తుంది. (రైలు చక్రాలు ఇరుసుకు బిగించే ఉంటాయి కదా అంటారేమో. పట్టా మీద దొర్లే వాటి అంచును ఏటవాలుగా చెక్కి ఆ తేడాను సర్దుతారు. అది వేరే కథ.)

ఈ తేడాను పళ్లచక్రాలతో సర్దే పద్ధతికి ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్కర్ 1820ల చివర్లో, ఆవిరి బండి కోసం, పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో జేమ్స్ స్టార్లీ 1877లో మూడు చక్రాల సైకిలుకు దాన్ని అమర్చాడు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని చెరో చక్రం తొక్కుతుంటే, కుర్రాడి కాలి బలం ఎక్కువై బండి పక్కకు తిరిగి పొదల్లో పడిందనీ, ఆ దెబ్బతోనే ఈ ఆలోచన తట్టిందనీ ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, డిఫరెన్షియల్ గుణం మొత్తం ఆ కథలో ఉంది. ఎవరు ఎంత తొక్కినా రెండు చక్రాలకూ సమానంగా పంచాలి.

మన మెకానిక్కులు స్టార్ పినియన్ అనే చిన్న గేరే ఈ పంపకం చేస్తుంది. మోటారు పెద్ద గేరును తిప్పుతుంది, దానితో పాటు స్టార్ పినియన్‌ను మోసే డబ్బా తిరుగుతుంది. ఆ పినియన్ పళ్లు ఒకవైపు ఎడమ చక్రం గేరును, మరోవైపు కుడి చక్రం గేరును నెడతాయి. దాన్ని కావడి బద్ద అనుకోండి. భుజం మధ్యలో ఉంది, రెండు కొసలకూ బిందెలు వేలాడుతున్నాయి. రెండు బిందెలూ సమానంగా ఉన్నంతసేపే బద్ద నిలుస్తుంది. ఒక బిందె ఖాళీ అయిందంటే ఆ కొస పైకి లేస్తుంది, నీళ్లున్న బిందె నేలకు దిగుతుంది. ఎంత బలంగా భుజం ఎత్తినా నిండు బిందె పైకి రాదు. ఖాళీ కొస ఎంత బరువు ఆపగలదో, నిండు కొసను కూడా అంతే ఎత్తగలం.

ఇప్పుడు వాగు దగ్గరి లెక్క చూద్దాం. బండి, బ్యాటరీలు, మనిషి, బస్తాలు కలిపి 550 కిలోలనుకుందాం. గడ్డి మీది చక్రం జారకుండా 100 కిలోల తోపు ఇవ్వగలదు. బురదలోది 15 కిలోలు దాటితే జారిపోతుంది. మామూలు డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది కనుక బండికి దక్కేది 15, 15 కలిపి 30. పదడుగులకు అడుగు లేచే ఒడ్డు ఎక్కాలంటేనే 55 కావాలి, బురద పట్టి లాగేది అదనం. అందుకే కదలదు. రెండు చక్రాలనూ కలిపి బిగించి ఉంటే 100, 15 కలిపి 115 వచ్చేది. చక్రం గాల్లో ఉంటే ఇంకా ఘోరం. దాని వంతు సున్నా, కాబట్టి రెండోదానికీ సున్నాయే.

ఎడమ చక్రానికి పవర్ అందట్లేదన్న బావగారి మాట సగం నిజం. దానికీ కుడి చక్రంతో సమానంగా తోపు అందుతూనే ఉంది, చాలడం లేదంతే. కదలికే లేదు కనుక శక్తి మొత్తం బురద చిమ్మడానికి పోతోంది. పైగా ఒక చక్రం ఆగితే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది. పాత గోల్ఫ్ కార్టుల్లోని సిరీస్ మోటార్లకు బరువు లేకపోతే అదుపు తప్పి వేగం పెరిగే జబ్బుంది. అలా ఎక్సలేటర్ తొక్కి పట్టుకోవడం మోటారుకు చేటు.

నమ్మకం కుదరక ఆయన రెండు వెనక చక్రాలనూ జాకీ మీద లేపి చూశారు. మోటారు కదలకుండా ఉండగా ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పితే కుడి చక్రం వెనక్కు తిరుగుతుంది. ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారట. మా అక్క ఫోన్ లాక్కుని, "చిన్నపిల్లాడి ఆటలా ఉంది ఈయన వరస" అంది.

మరి మందేమిటి? అక్కడి వేటగాళ్లు, పొలాలున్నవాళ్లు గోల్ఫ్ కార్టులను బురద బళ్లుగా మార్చుకోవడం మామూలే. చవకైన దారి స్టార్ పినియన్లను వెల్డింగ్ చేసి పారేయడం. ఇక ఆ రెండు చక్రాలూ ఎప్పటికీ ఒక్కటే. నాకీ దారి నచ్చదు. గేరు పై పొరను గట్టిపడేలా పదును పెట్టి ఉంటారు. వెల్డింగ్ వేడికి ఆ పదును చెడి, అతుకు పక్కన పగుళ్లు పుడతాయి. ఒక ముక్క రాలి ఆయిల్‌లో పడిందా, మిగతా పళ్లన్నీ నములుకుపోతాయి. పైగా గట్టి నేల మీద స్టీరింగ్ తిప్పినా బండి ముందుకే పోతానంటుంది, మెలి పడే భారమంతా సన్నటి ఇరుసుల మీద పడుతుంది.

రెండో దారి లిమిటెడ్ స్లిప్. రెండు చక్రాల గేర్ల వెనక క్లచ్ ప్లేట్లు పెట్టి, స్ప్రింగులతో నొక్కి ఉంచుతారు. ఒక చక్రం జారినా ప్లేట్ల రాపిడి కొంత తోపును రెండోదానికి మళ్లిస్తుంది. మలుపులో మాత్రం ప్లేట్లు జారి దారి ఇస్తాయి. అరిగేకొద్దీ పట్టు తగ్గుతుంది, ఆయిల్ కూడా దానికి సరిపడేదే పోయాలి.

మూడోది నాకు ఇష్టమైనది: వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికన్ 1958లో పేటెంట్ తీసుకున్న టార్సెన్. ప్లేట్లుండవు, ఏటవాలు పళ్ల గేర్లే ఒకదాన్నొకటి ఒరుసుకుని, జారే చక్రానికి అందే తోపుకు రెండు మూడు రెట్లు రెండోదానికి ఇస్తాయి. కానీ గాల్లో ఉన్న చక్రం వంతు సున్నా. సున్నాకు మూడు రెట్లు సున్నాయే. దానికొక చిట్కా ఉంది: బ్రేకు కాస్త నొక్కి పట్టుకుని ఎక్సలేటర్ ఇవ్వాలి. గాల్లోని చక్రానికి బ్రేకు ఒక భారమవుతుంది, గేర్లు ఆ భారానికి మూడు రెట్లు రెండో వైపుకు పంపుతాయి. రెండో బ్రేకు ఒక రెట్టు తినేసినా ఇంకా మిగులుతుంది. ఇదే చిట్కా మామూలు డిఫరెన్షియల్‌తో పనికిరాదు. ఒక బ్రేకు ఇచ్చింది రెండో బ్రేకు తినేస్తుంది.

మన ట్రాక్టర్‌కు ఎడమకూ కుడికీ వేరువేరు బ్రేకు పెడళ్లు ఉండటంలో ఈ సుళువు కూడా ఉంది. జారే చక్రాన్ని ఒక్కదాన్నే ఆపితే రెండోది లాగుతుంది. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం దిగబడితే డ్రైవర్ మడమతో నొక్కేది డిఫరెన్షియల్ లాక్. అది ఆ కాసేపూ రెండు చక్రాలనూ ఒక్కటి చేస్తుంది, బయటపడగానే వదిలేయాలి. లాక్ మీద మలుపు తిప్పకూడదు. చక్రాలు కూరుకుపోయాక లాక్ వేసి మరీ మొండిగా రేజ్ చేస్తే ట్రాక్టర్ ముందు భాగం లేచి వెనక్కు తిరగబడే ప్రమాదం కూడా ఉంది.

బావగారికి నేను మొదట చెప్పింది మాత్రం టైర్ల సంగతి. పచ్చిక కోసం చేసిన నున్నటి టైర్లు తీసి గాడులు లోతుగా ఉన్నవి వేయమన్నాను, గాలి 20 పీఎస్ఐ ఉంటే వాగు దగ్గరికి వెళ్లేముందు 12కు దించమన్నాను. టైరు పరుచుకుంటే ఆ 15 కిలోలు 35 అయినా చాలు, డిఫరెన్షియల్ దాన్ని రెట్టింపు చేసి ఇస్తుంది. 22 అంగుళాల పెద్ద టైర్లు వేయనా అన్నారు. బండి రెండంగుళాలు లేస్తుంది గానీ, మోటారు ఇచ్చే తోపులో 18 శాతం పోతుందని చెప్పాను. ఒడ్డు ఎక్కడానికే ఆపసోపాలు పడే బండి అది.

ఆయన టైర్లు మార్చారు. అంతటితో ఆగక, ఊళ్లో ఒక షాపులో క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ కూడా వేయించారు. రెండు నెలలు ఒడ్డు చకచకా ఎక్కి దిగింది. మొన్న వాన పడ్డాక మళ్లీ వీడియో కాల్ వచ్చింది. ఈసారి బండి ఇంకో ఇరవై అడుగులు ముందుకు, వాగు పక్క లోతట్టులోకి వెళ్లింది. రెండు వెనక చక్రాలూ చక్కగా సమానంగా తిరుగుతున్నాయి. ఇరుసు కింద ఉండే నాలుగైదు అంగుళాల ఖాళీ బురదతో నిండిపోయి బండి పొట్ట మీద కూర్చుంది. పక్కింటాయన ట్రాక్టర్‌కు గొలుసు కడుతున్నాడు.

"చూశావా, ఇప్పుడు రెండూ తిరుగుతున్నాయి" అన్నారు బావగారు.