ఆడబిడ్డ వాటా దగ్గర మొదలుపెట్టి చదవండి

కావలి

చిరంజీవులైన నా మనుమలకు, మనుమరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మతం ఏదైనా పెళ్ళి, వారసత్వం వంటి విషయాల్లో అందరికీ ఒకే చట్టం ఉండాలనే ఉమ్మడి పౌరస్మృతి మీద మీ కళాశాలలో వాదోపవాదాలు జరిగాయనీ, ఇంటికి వచ్చాక కూడా మీలో మీరు రెండు పక్షాలై వాదించుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. దస్తావేజులు వ్రాసి బ్రతికినవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు తెలిసింది మీకు చెప్పడం నా బాధ్యత.

దొంగతనానికి, హత్యకు, అప్పు పత్రానికి, భూమి అమ్మకానికి మన దేశంలో మతాన్ని బట్టి వేర్వేరు చట్టాలు లేవు. పెళ్ళి, విడాకులు, భరణం, దత్తత, వారసత్వం వంటి ఇంటి సంగతుల్లోనే తేడా ఉన్నది.

వీలునామా వ్రాయకుండా ఒక తండ్రి చనిపోయాడనుకోండి. ఆయన హిందువైతే స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బ్రతికి ఉంటే తల్లికి సమానంగా వెళుతుంది. క్రైస్తవుడైతే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు పోగా మిగిలింది కొడుకులు, కూతుళ్ళు సమానంగా పంచుకుంటారు. ముస్లిమైతే భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. ఇది చూసి వెంటనే తీర్పు చెప్పకండి. అన్నదమ్ములున్న హిందూ ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా అన్న మాటే లేని శతాబ్దాలలో కూడా ముస్లిం ఆడపిల్లకు ఆ సగం వాటా ధర్మశాస్త్రంలో ఖాయంగా ఉంది. హిందూ ఆడపిల్లకు 1956 హిందూ వారసత్వ చట్టంతో కొంత దక్కింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో వచ్చింది. అదీ 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయినవారికి వర్తించలేదు. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 వరకు ఆగవలసి వచ్చింది.

వచ్చిన తరువాత ఏం జరిగిందో రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర కూర్చున్న మాబోటివారికి తెలుసు. పసుపు కుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశామని చెప్పి, అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ ఆడబిడ్డ ఇష్టపడి సంతకం చేసిందా, పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో చేసిందా అన్నది ఏ కాగితం మీదా కనిపించదు. అందుకే చట్టం ఒకటా, నాలుగా అని అడిగే ముందు, ఆ చట్టం కింద ఆడబిడ్డ చేతికి ఏమి వస్తున్నదో అడగండి.

దేశమంతటికీ ఉమ్మడి పౌరస్మృతి తేవడానికి ప్రభుత్వం ప్రయత్నించాలన్న అధికరణం మీద రాజ్యాంగ సభలో చర్చ 1948 నవంబరు 23న జరిగింది. మతాచారాన్ని బట్టి వచ్చిన చట్టాన్ని వదులుకొమ్మని ఎవరినీ నిర్బంధించరాదని మద్రాసు సభ్యుడు మహమ్మద్ ఇస్మాయిల్ కోరారు. మన నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, ఈ అధికరణం సామరస్యాన్ని చెరపడానికి కాదు, పెంచడానికేనని బదులిచ్చారు. ఉత్తర మలబారులో ముస్లిములు కూడా మరుమక్కతాయమనే మాతృవంశ చట్టాన్నే అనుసరించారని, అంటే ముస్లిముల చట్టం దేశమంతటా ఎప్పుడూ ఒకటిగా లేదని, అంబేద్కరు గుర్తు చేశారు. మొదట ఇష్టపడి ముందుకు వచ్చినవారికే వర్తించేటట్లు పార్లమెంటు చట్టం చేయవచ్చునని కూడా అన్నారు. చివరకు ఆ మాట 44వ అధికరణంగా, కోర్టులు బలవంతంగా అమలు చేయించలేని ఆదేశిక సూత్రాల్లో నిలిచింది.

ఉమ్మడి చట్టమంటే ఇతరులు మాత్రమే మారడమని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే. మన ఇళ్ళలో మేనరికాలు, మేనమామతో పెళ్ళిళ్ళు ఎన్ని లేవు? 1955 హిందూ వివాహ చట్టం ఆ వరుసలను నిషిద్ధ బంధుత్వాల్లోనే చేర్చింది. ఆచారం ఉన్నచోట మాత్రం మినహాయింపునిచ్చింది. రేపు అందరికీ ఒకే నియమం వస్తే ఆ మినహాయింపు ఉండాలా, పోవాలా? మన జిల్లా యానాదులకు, యర్రగొండపాలెం అడవుల్లోని చెంచులకు, షెడ్యూల్డు తెగలవారు కనుక, ఆ చట్టం సాధారణంగా వర్తించనే వర్తించదు. 2024లో ఉమ్మడి స్మృతిని ఆమోదించిన ఉత్తరాఖండు కూడా గిరిజనులను బయటే ఉంచింది. వారి ఆచారాన్ని గౌరవించడం న్యాయమే. అయితే అదే గౌరవం తమకెందుకు లేదని మరొకరు అడిగితే చెప్పవలసిన జవాబు మన దగ్గర ఉండాలి.

నా మట్టుకు నేను అంబేద్కరు సూచించిన ఇష్టపూర్వకమైన దారినే నమ్ముతాను. ప్రతి మత చట్టంలోనూ స్త్రీకి జరుగుతున్న అన్యాయాన్ని ముందు సరిచేయాలి. అందరికీ ఉమ్మడిగా ఉన్న దారిని నడవడానికి వీలుగా చేయాలి. ఆ దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం రూపంలో ఇప్పటికే ఉంది. ఒంగోలులో ఒక హిందూ అబ్బాయి, ఒక క్రైస్తవ అమ్మాయి మతం మారకుండా పెళ్ళి చేసుకోవాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దానిని కార్యాలయంలో అందరికీ కనిపించేటట్లు అంటిస్తారు. ఆ నెల రోజుల్లో ఇరువైపుల బంధువులు వారిని ఎంత ఒత్తిడికి గురిచేయగలరో మీరే ఊహించండి. ఉమ్మడి చట్టం కావాలని నిజంగా కోరేవారు మొదట ఆ నోటీసు నియమాన్ని తీసివేయమని అడగాలని నేను అనుకుంటున్నాను. దీనికి మీ జవాబు వ్రాసి పంపండి.

ఆశీస్సులతో,
తాతయ్య