వేలు తీసినా ఆగని మోత

"పియానో కీ మీంచి వేలు తీసేశాక కూడా సన్నగా ఏదో మోగుతూనే ఉంటుందండీ. ట్యూనింగ్ చేసినాయన అంతా బాగానే ఉందంటాడు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ వినపడదు" అని మారేడుపల్లి నుంచి ఒకావిడ అడిగారు. వాస్తు చూసినాయన పియానోని ఈశాన్యం మూల నుంచి జరపమన్నాడట. జరిపితే కాస్త తగ్గిందట కూడా. తగ్గకేం? గోడ మూల నుంచి జరిపితే ఏ వాద్యం మోతైనా మారుతుంది. పేరు మాత్రం వాస్తుకి వచ్చింది.

ఇంకో టెక్నీషియన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. చిన్న గ్రాండ్ పియానో. మధ్యలో ఉండే 440 హెర్ట్జ్ 'ఎ' కీని ఠక్కున కొట్టి వదిలాం. కీ వదలగానే తీగని ఆపే మెత్తటి దిమ్మ, అంటే డంపర్, తీగ మీద వాలి అసలు స్వరాన్ని నొక్కేసింది. ఆ వెంటనే పైన ఎక్కడో కింగుమని సన్నటి మోత. ఆవిడ చెవులకేం లోపం లేదు.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సోనోమీటర్ గుర్తుందా? శృతిదండం మోగించి ఆనిస్తే తీగ మీది కాగితపు ముక్క ఎగిరి పడాలి. మాకు పడకపోయినా పడిందని రాసేవాళ్ళం, మార్కులు వేసేవారు. అనునాదం, అంటే ఒకటి మోగితే అదే పౌనఃపున్యం ఉన్న ఇంకోటి తనంతట తానే ఊగడం, అనే మాట అలా రికార్డు పుస్తకంలోనే ఉండిపోయింది. ఇక్కడ దాన్ని చెవితో వినొచ్చు.

సుత్తి కొట్టే భాగంతోనే పియానో తీగ అయిపోదు. తీగ ఆనుకునే చెక్క దిమ్మని బ్రిడ్జి అంటారు. అది దాటి అవతలి మేకు దాకా ఒక తోక ఉంటుంది. టేపు పెట్టి చూస్తే కొట్టే భాగం 40 సెంటీమీటర్లు, తోక 10. తీగ ఒకటే, లాగుడూ దాదాపు ఒకటే. పొడవు నాలుగో వంతు, అంటే పౌనఃపున్యం నాలుగు రెట్లు: 1760. మరి 440 ఒంటరిగా రాదు. 880, 1320, 1760 తోబుట్టువుల్లా దాని వెంటే వస్తాయి. ఆ నాలుగోది బ్రిడ్జి మీదుగా వెళ్ళి తోకని ఊపుతుంది. డంపర్ వాలేది కొట్టే భాగం మీదే కాబట్టి తోకని ఆపేవాళ్ళు లేరు. ఆపడానికి అల్లిన ఉన్ని పట్టీని ఎప్పుడో పురుగు కొట్టేసింది.

తోకలు మోగడం తప్పేమీ కాదు. వాటి పొడవుని లెక్కగా పెట్టి ఆ మోతనే స్వరానికి మెరుపుగా వాడుకోవచ్చని పియానోలు తయారుచేసే థియోడర్ స్టైన్‌వే 1872లో పేటెంటే తీసుకున్నాడు. సితార్‌లో మీటే తీగల కింద తరబ్ తీగలు ఉండేది కూడా ఇలా మోగడానికే.

తోక మీద వేలు పెట్టాం. మోత సగం తగ్గింది. మిగతా సగం? పియానోలో కుడి చివర ఉండే దాదాపు ఇరవై కీల తీగలకి అసలు డంపర్లే ఉండవు. ఆ పొట్టి తీగలు వాటంతటవే త్వరగా ఆగిపోతాయి కదా అని వదిలేస్తారు. వాటిలో 1760 తీగ కూడా ఉంది. దాని మీద గుడ్డ వేస్తే నిశ్శబ్దం.

మరి ఆవిడకే ఎందుకంత ఇబ్బంది? అందరి చెవీ ఒకలా ఉండదు గానీ, చెవి రంధ్రం కూడా ఒక వాద్యమే. సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, ఒక చివర కర్ణభేరితో మూసుకుని ఉంటుంది. గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి ఆ గొట్టం అనునాదం 3400 హెర్ట్జ్ దగ్గర. మన 1760 వెంట తోబుట్టువులా వచ్చే రెట్టింపు 3520! పియానోలో మిగిలిన మోతని చెవి మళ్ళీ పెంచి వినిపిస్తోందన్నమాట.

టెక్నీషియన్ కొత్త ఫెల్ట్ పట్టీని తోకల మధ్య ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి జడలా అల్లాడు. ఉన్ని పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపుని వేడిగా మార్చేస్తాయి. ఉత్సాహం కొద్దీ పై స్వరాల తోకలకూ అల్లేశాడు. ఆవిడ రెండు వరసలు వాయించి మొహం ముడుచుకున్నారు. "దుప్పటి కప్పినట్టుంది." పైవి విప్పేశాడు. డంపర్ లేని తీగల జోలికి పోలేదు.

"ఇంకా వినపడుతోందా అమ్మా?"

మళ్ళీ అదే 'ఎ' కొట్టి, తల పక్కకి వంచి విన్నారు. "వెతికితే వినపడుతోంది. ఉండనివ్వండి."